కంచెకు అనుమతి, హద్దుకు తీర్పు ఒకటి కావు

సంపాదకులకు,

కంచె తగాదాలు ఏళ్ల తరబడి నలగడానికి, రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. కంచె ఎంత ఎత్తుండాలి, వీధివైపు ఎంత తగ్గించాలి, మూలమలుపులో ఎదురొచ్చే వాహనం కనబడేలా ఎంత జాగా వదలాలి అన్నవి స్థానిక సంస్థ నిబంధనలు తేల్చే విషయాలు. కంచె నిలిచిన నేల ఎవరిదన్నది మాత్రం దస్తావేజులు, సర్వే, చివరకు సివిల్ కోర్టు తేల్చవలసిందే.

మా పక్కింటి యజమాని కొత్త కంచె వేయించి, హద్దు సంగతి అడిగితే అనుమతి పత్రం చూపించారు. దానికి జతచేసిన ప్లానులోని హద్దు గీత ఆయన గీయించుకున్నదే తప్ప, ఎవరూ నేలమీద కొలిచి చూసింది కాదు. పాత గుంజలు పీకిన గుంతలు కొత్త కంచెకు ఆవల, ఆయన వైపు జానెడు దూరంలో ఇప్పటికీ కనబడుతున్నాయి. పాత కంచె మాత్రం సరిగ్గా హద్దుమీదే ఉండేదని రుజువేమిటన్న ఆయన ప్రశ్నలోనూ న్యాయం లేకపోలేదు.

ఎత్తుమీద ఫిర్యాదైతే టేపు పట్టి అప్పటికప్పుడే తేల్చవచ్చు. హద్దు అలా తేలదు, పైగా అభ్యంతరం చెప్పకుండా ఏళ్లు గడిచిపోతే ఆ మౌనమే కోర్టులో ఎదురు తిరగవచ్చు. అందువల్ల అనుమతికి ముందే సర్వే నకలును, పక్కవారికి నోటీసును తప్పనిసరి చేయాలని, హద్దుకు తమ పూచీ లేదన్న మాటను అనుమతి పత్రం మీదే స్పష్టంగా ముద్రించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు