మహాబలిపురానికి ఒక పూట చాలదు

సంపాదకులకు నమస్కారాలు.

అయ్యా,

సెలవుల్లో కుటుంబంతో చూసి రాదగిన ఊళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో మహాబలిపురాన్ని చేర్చినందుకు సంతోషం కలిగింది. అయితే చెన్నై దాకా వెళ్లినవారు ఒక పూట అటు వెళ్లి, సముద్రమూ గుడీ చూసుకొని వెనక్కి రావచ్చునన్న మాట చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. కడప జిల్లా ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ ఊరిని ఒకసారి ఒక్క పూటలో చూశాను, మరోసారి మూడు రోజులు ఉండి చూశాను. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మన ప్రాంతపు పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లింది ఒక యాత్రా బస్సులో. తిరుమల దర్శనం, కాంచీపురం అయ్యాక, మే నెల ఎండలో మధ్యాహ్నం ఒంటిగంటకు మమ్మల్ని మహాబలిపురంలో దించి, మూడు గంటలకల్లా బస్సు దగ్గర ఉండాలని, ఆలస్యమైతే ఎవరి కోసమూ ఆగేది లేదని చెప్పారు. ఐదు రథాలని పిలిచే రాతి గుళ్ల దగ్గర టికెట్ల వరుసలోనే అరగంట గడిచిపోయింది. తీరాన ఉన్న ఆలయాన్ని కంచె బయటి నుంచే చూశాం. పిల్లలు అలల్లో కాళ్లు తడుపుకొన్నారు, ఆడవాళ్లు గవ్వల దండలు కొనుక్కొన్నారు, అందరం చెమటలు కక్కుతూ బస్సెక్కాం. అర్జునుడి తపస్సు అని పిలిచే ఆ కొండ శిల్పం ముందు నేను నిలబడింది ఐదారు నిమిషాలు. జీవితమంతా పిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ణి, ఆ శిల్పాన్ని కళ్లారా చూడకుండానే వచ్చేశానన్న బాధ నన్ను చాలా ఏళ్లు వెంటాడింది.

ఈ ఏడాది సంక్రాంతి సెలవులు మొదలైన రోజునే, పండుగనాటికి ఇల్లు చేరేటట్లుగా, నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మళ్లీ బయలుదేరాం. రాత్రి కడపలో రైలెక్కితే తెల్లవారేసరికి చెన్నై, అక్కడి నుంచి తూర్పు తీర రహదారి మీద బస్సులో అరవై కిలోమీటర్ల లోపే మహాబలిపురం. సముద్రం లేని జిల్లా వాళ్లం కాబట్టి మనలో చాలామందికి అది చాలా దూరపు ఊరుగా తోస్తుంది. నిజానికి 1953 అక్టోబరు 1 దాకా మన జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది, మా తాతగారి తరానికి కోర్టు పనికైనా, చదువుకైనా మద్రాసే దిక్కు.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు, ద్వారం తెరుస్తూనే, తీరాలయానికి వెళ్లాం. 8వ శతాబ్దం మొదట్లో పల్లవ రాజైన రాజసింహుడు కట్టించిన గుడి అది. రెండు శివాలయాలు, వాటి మధ్య శయనించిన విష్ణుమూర్తి. అక్కడి మిగతా రథాలు, గుహలు కొండను తొలిచి చేసినవైతే, ఇది రాళ్లు పేర్చి కట్టినది. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఉప్పుగాలి కొట్టీ కొట్టీ గోడల మీది బొమ్మల ముక్కులు, కళ్లు అరిగిపోయి, నీళ్లలో నానిన బెల్లపు అచ్చుల్లా నునుపెక్కాయి. గాలిని ఆపడానికి చుట్టూ సరుగుడు తోట పెంచారు, అలలను ఆపడానికి పెద్ద పెద్ద బండరాళ్లు అడ్డం పోశారు. ఎండ ఏటవాలుగా పడే ఆ ఉదయపు వేళలోనే అరిగిన బొమ్మలకు మళ్లీ అంచులు తేలుతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్లినవారికి అక్కడ కనిపించేది గోధుమరంగు రాతి ముద్ద మాత్రమే. ఏ గంటకు వెళ్లామన్న దాన్నిబట్టి శిల్పం మారిపోతుందన్న సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది.

అక్కడి సముద్రం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ తీరంలో అల వెనక్కి లాగే బలం ఎక్కువ. చెరువుల్లో, పెన్నలో ఈదిన ధైర్యంతో మన పిల్లలు నడుము లోతు దాకా వెళ్లిపోతారు. దయచేసి స్నానానికి దిగనివ్వకండి, ఒడ్డున కూర్చోబెట్టండి. ఒడ్డున కూర్చోవడంలోనే కావలసినంత సుఖముంది. సాయంత్రం బుట్టలో సుండల్ అమ్మేవాడు వచ్చాడు. ఉడికించిన బఠాణీలు, పచ్చి కొబ్బరి ముక్కలు, సన్నగా తరిగిన పచ్చి మామిడి, ఆవాలు కరివేపాకు తాలింపు, కాగితపు పొట్లంలో వేడివేడిగా పెట్టి ఇచ్చాడు. మాకు కారం చాలలేదు గానీ, ఆ పులుపుకూ ఆ గాలికీ చక్కగా కుదిరింది. మధ్యాహ్నం పడవలు ఒడ్డుకు లాగిన చోటుకు దగ్గర్లోని చిన్న హోటల్లో, ఆ ఉదయం వేటలో పడిన వంజరం చేపను ముందు మాకు చూపించి, బొటనవేలంత మందాన ముక్కలు కోసి, మసాలా పట్టించి పెనం మీద వేయించి పెట్టారు. చెరువు చేప తప్ప ఎరగని మా మనవరాలు ముళ్ల భయం లేకుండా తినగలిగిన మొదటి చేప అదే.

ఇక కొండ శిల్పం విషయం. రెండూ కలిపి సుమారు ముప్పై మీటర్ల పొడవున్న బండలు, వాటి నడుమ సహజంగా ఏర్పడిన చీలిక. ఆ చీలికనే నదిగా భావించి, నాగులను, దేవతలను, మునులను, ఏనుగులను చుట్టూ చెక్కారు. ఒంటికాలి మీద నిలిచిన తపస్వి పాశుపతం కోరిన అర్జునుడని కొందరు, గంగను దింపిన భగీరథుడని కొందరు పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మొదటిసారి నేను చూడకుండా వచ్చేసినవి ఈసారి ఒక్కొక్కటిగా కనిపించాయి. ఏనుగు దంతాల దగ్గర ఒక పిల్లి ముందు కాళ్లు పైకెత్తి తపస్సు చేస్తోంది, దాని ఎదుట ఎలుకలు నమ్మకంగా నిలబడ్డాయి. ఒకచోట కూర్చున్న లేడి వెనక కాలితో మూతి గోక్కుంటోంది. మా మనవరాలు ఆ లేడి ముందు స్కెచ్ పుస్తకం పెట్టుకొని గంటన్నర కూర్చుంది. ఆ గంటన్నరలో మూడు యాత్రా బస్సుల జనం వచ్చి, ఫోటోలు తీసుకొని వెళ్లిపోయారు.

పక్కనే కృష్ణ మండపం ఉంది. గోవర్ధనాన్ని ఎత్తిన కృష్ణుడి శిల్పానికి ముందు భాగంలో కనిపించే స్తంభాల మంటపం తరువాత విజయనగర కాలంలో కట్టినది. ఆ శిల్పంలో ఒక గొల్లవాడు పాలు పితుకుతూ ఉంటే, ఆవు మెడ తిప్పి దూడను నాకుతూ ఉంటుంది. పశువుల కొట్టం ఉన్న ఇంట్లో పెరిగిన నా భార్య దాన్ని చూడగానే, "దూడను నాకితే గానీ ఆవు చేపదు, ఈ చెక్కినాయనకు పాలు పితకడం తెలుసు" అన్నది. నా చదువంతా ఉపయోగించినా అంత సూటిగా ఆ శిల్పాన్ని వివరించలేకపోయేవాణ్ణి.

ఐదు రథాల దగ్గర మనవరాలికి నేను చూపించింది పనితనం. పేర్లు పాండవులవే గానీ, అవి తరువాతి వారు పెట్టుకున్న పేర్లు. ఒక్కొక్క రథాన్నీ ఒకే బండ నుంచి, శిఖరం దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ చెక్కారు. ధర్మరాజ రథానికి పై అంతస్తులు పూర్తయి, అడుగు భాగం ఇంకా మొరటుగానే మిగిలి ఉండటం చూస్తే ఆ పద్ధతి ఎనిమిదో తరగతి పిల్లకు కూడా ఇట్టే అర్థమైంది. మన జిల్లాలోని కలమళ్లలో రేనాటి చోళుడు ధనుంజయుడు రాతి మీద తెలుగు శాసనం వేయించింది 575 ప్రాంతంలో. ఆ తరువాతి శతాబ్దంలోనే పల్లవులు ఇక్కడ ఉలి పట్టారని చెప్పినప్పుడు, ఆ పిల్ల ముఖంలో కలిగిన ఆశ్చర్యాన్ని నేను మరచిపోలేను.

ఈ కట్టడాలు 1984 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎవరైనా రాస్తారు. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం వీధుల్లో ఈనాటికీ వినిపించే ఉలి చప్పుడు. ప్రభుత్వం 1957లో అక్కడ స్థాపించిన శిల్ప శిక్షణ కేంద్రం తరువాత కళాశాలగా ఎదిగింది. ఊరి రోడ్ల వెంట శిల్పశాలలు ఉన్నాయి. ఒక శిల్పశాల ముందు మేము ఆగి నిలబడితే, నడివయసు శిల్పి ఒకాయన లోపలికి రమ్మని ముక్కాలిపీటలు వేశాడు. నా అరకొర తమిళానికి ఆయన అరకొర తెలుగు తోడైంది. మూడడుగుల దుర్గ విగ్రహం సగంలో ఉంది. జేగురుతో గీసిన గీతలు కొన్ని ఇంకా చెరగలేదు. ఆయన సుత్తె మొనతో రెండు రాళ్లను తట్టి వినిపించాడు. గంటలా మోగినది పురుష శిల, అది మూలవిరాట్టుకు పనికి వస్తుందట. మట్టి కుండలా పలికినదాన్ని విగ్రహానికి వాడరట, మెట్లకో పీఠానికో పోతుందట. మన కడప నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి ఇళ్లకు పరుస్తాం. ఈ నల్లరాతిలో పొర లేదు, ఎటు కొట్టినా ఒకే తీరుగా తెగుతుంది, అందుకే వేలి గోరు కూడా చెక్కగలమని ఆయన నా అరచేతిలో ఒక రాతి పెచ్చు పెట్టి చూపించాడు. విగ్రహానికి కళ్లు చెక్కలేదేమని మనవరాలు అడిగితే, అన్నీ పూర్తయ్యాక, మంచి రోజు చూసి చివరిగా కళ్లు తెరుస్తామన్నాడు.

అదే శిల్పశాలలో ఇరవై ఏళ్ల కుర్రవాడొకడు కరెంటు మిషన్‌తో రాయి కోస్తున్నాడు. ముక్కుకు తువ్వాలు మాత్రమే కట్టుకొన్నాడు, కనురెప్పల మీద తెల్లటి రాతి పిండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. యాత్రికులు ఐదు నిమిషాల్లో బేరమాడి సగం ధరకు అడిగే బొమ్మ వెనక ఆ ఊపిరి ఉందని తెలియాలి. మేము అరచేయంత వినాయకుణ్ణి కొన్నాం, ఆయన చెప్పిన ధరకే.

తిరుగు ప్రయాణంలో అదే రహదారి మీద రెండు చోట్ల ఆగాం. ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి, తిరిగి నిలబెట్టారు. మన తెలుగు చేనేత కుటుంబపు ఇల్లు, కోస్తా వైపు గుండ్రటి చుట్టిల్లు కూడా అందులో ఉన్నాయి. మంగళవారం సెలవని గుర్తుంచుకోవాలి. ఇంజంబాక్కంలోని చోళమండలం కళాకారుల గ్రామం నా మనసుకు మరింత దగ్గరైంది. మద్రాసు చిత్రకళా కళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో కొందరు యువ చిత్రకారులు, శిల్పులు కలిసి, మైనం పూసి రంగులద్దే బాతిక్ బట్టల వంటి చేతిపనులు అమ్మిన డబ్బుతో సముద్రపు ఒడ్డున స్థలం కొని, అక్కడే ఇళ్లు కట్టుకొని, బొమ్మలు వేసుకుంటూ బతికారు. ఇప్పుడు అక్కడ చిత్రశాలలు, ఆ తరం పనిని భద్రపరచిన మ్యూజియం, చెట్ల కింద లోహ శిల్పాలు, రాతి శిల్పాలు ఉన్నాయి. బొమ్మలు వేసి బతకగలరా అని మా విద్యార్థుల తల్లిదండ్రులు నన్ను ముప్పై ఏళ్లు అడిగారు. అప్పట్లో నేను ఈ ఊరు చూసి ఉంటే వారికి చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు ఉండేది.

మీ ద్వారా కొన్ని విన్నపాలు చేస్తున్నాను. మన జిల్లా పాఠశాలలు విజ్ఞానయాత్రలకు మహాబలిపురాన్ని ఎంచుకొన్నప్పుడు కనీసం రెండు రాత్రులు బస ఉండేటట్లు చూడాలి. ఉదయాలు, సాయంత్రాలు కట్టడాలకు, మధ్యాహ్నాలు శిల్పశాలలకు కేటాయించి, ప్రతి పిల్లవాడి చేతికీ ఒక పుస్తకం, పెన్సిలు ఇవ్వాలి. వీలైతే డిసెంబరు, జనవరి నెలల్లో వెళితే ఎండ బాధ ఉండదు, ఆ రోజుల్లో అక్కడ ఆరుబయట జరిగే నాట్యోత్సవం కూడా చూడవచ్చు. కడపలోనే లలిత కళల విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి, అక్కడి విద్యార్థులు ఒకరిద్దరు పాఠశాల బృందాలకు తోడుగా వెళ్లే ఏర్పాటు చేస్తే పిల్లలకు చూపించి చెప్పేవారు దొరుకుతారు.

మరొకటి. మైదుకూరు, చాగలమర్రి దాటి కర్నూలు వైపు వెళ్లేటప్పుడు ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పశాలలు వరుసగా కనిపిస్తాయి. బస్సు కిటికీ లోంచి ఆ విగ్రహాలను నేను కొన్ని వందల సార్లు చూశాను గానీ, దిగి ఒక్క శిల్పితోనైనా మాట్లాడింది లేదు. మహాబలిపురం నుంచి వచ్చిన రెండు వారాలకు వెళ్లాను. అక్కడా ఉలి చప్పుడు అదే, కళ్లు తెరవని విగ్రహాలు అవే, కూర్చోమన్న మర్యాద కూడా అదే. కాకపోతే, చూడటానికే వచ్చామంటే వారు నమ్మలేదు, విగ్రహం ఎంత ఎత్తు కావాలని అడిగారు. మీ ఆదివారం అనుబంధంలో ఆళ్లగడ్డ శిల్పుల గురించి ఒక పూర్తి పేజీ వేయవలసిందిగా కోరుతున్నాను.

మా మనవరాలు గీసిన లేడి బొమ్మ ప్రతిని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. చోటు ఉంటే ప్రచురించగలరు.

భవదీయుడు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
కడప