మానేస్తే మానేయండి, చెప్పి వెళ్ళండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కొండదారుల్లో, అడవి బాటల్లో పెట్టే పరుగు పందేల (ట్రైల్ రేస్‌ల) మీద మీ పేపర్లో వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. ఎవరు మొదటొచ్చారు, ఎంత టైమ్‌లో వచ్చారు, ముఖ్య అతిథి ఏమన్నారు, అన్నీ ఉంటాయి. బయల్దేరినవాళ్ళందరూ తిరిగొచ్చారా అన్నది మాత్రం ఎప్పుడూ ఉండదు. మా అన్నయ్య తనతో పరిగెత్తే స్నేహితులతో కలిసి చిన్న ట్రైల్ రేస్ పెడుతుంటాడు, ఇంట్లోవాళ్ళం కాబట్టి మేమంతా పుట్టు వాలంటీర్లం, వస్తావా అని అడగడం కూడా ఉండదు. నాకు పడింది లెక్కల పని. మనుషుల లెక్క. ఈ ఉత్తరం దాని గురించే.

రోడ్డు మీద పరుగైతే ఎవరైనా కూలబడితే పక్కవాళ్ళో దారినపోయేవాళ్ళో చూస్తారు. ట్రైల్‌లో అరగంట తిరక్కుండానే ముందున్నవాళ్ళెవరో వెనకున్నవాళ్ళెవరో ఒకరికొకరు కనిపించరు, చాలాచోట్ల ఫోన్ సిగ్నలూ ఉండదు, కాబట్టి ఎవరు ఎక్కడిదాకా వచ్చారో చెప్పగలిగేది మా చేతిలో ఉన్న కాగితం ఒక్కటే. అందులో మొదట రాయాల్సింది గీత దాటి నిజంగా బయల్దేరినవాళ్ళ నంబర్లు. పేరిచ్చినవాళ్ళు అందరూ రారు, ఛాతీకి తగిలించుకునే నంబరు ముక్క, అదే బిబ్, తీసుకుని కూడా కాలు నొప్పని ఆగిపోయేవాళ్ళుంటారు, ఆ లిస్టుల్ని నమ్ముకుంటే సాయంత్రానికి లేని మనిషిని వెతకాల్సొస్తుంది. తర్వాత ప్రతి చెక్‌పాయింట్ దగ్గరా దాటిన నంబరు, టైము. చివర ఫినిష్. పెన్నుతో రాయకండి, పెన్సిలే మేలు, చెమట చేత్తో పట్టుకున్నా చినుకు పడినా రాత అలుక్కుపోదు. గుంపుగా వచ్చినప్పుడు ఒకరు నంబర్ పైకి చదవాలి, ఇంకొకరు రాయాలి. ఒక్కరే చూసి రాద్దామనుకుంటే తల దించి ఎత్తేలోపు ఇద్దరు దాటేస్తారు.

ఇంత చేసినా మా లెక్క చెడగొట్టేది ఎవరో తెలుసా? మధ్యలో మానేసి ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. మానేయడంలో తప్పేమీ లేదు, మడమ మెలిక పడొచ్చు, కడుపులో తిప్పొచ్చు, ఊరికే విసుగు పుట్టొచ్చు. కానీ అలా మానేసినాయన అడ్డదారిన రోడ్డెక్కి, ఏదో బండి పట్టుకుని ఇల్లు చేరి, స్నానం చేసి పడుకుంటే ఇక్కడ మా కాగితంలో ఆయన నంబర్ పక్కన గడి ఖాళీగా ఉంటుంది. అందరికన్నా వెనక నడుచుకుంటూ దారి గుర్తుకి కట్టిన రిబ్బన్లు విప్పుకొచ్చే స్వీపర్ వచ్చి, దారిలో ఎవరూ లేరంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. దారిలో లేడంటే దారి తప్పాడా, పడిపోయాడా? ఫోన్ చేస్తే ఎత్తడు. పొద్దుట్నించి నిలబడి కాళ్ళు పీకుతున్నవాళ్ళే టార్చిలు పట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళాలి. ఒకసారి ఇలాగే అయితే ఆయన ఫారంలో రాసిచ్చిన ఇంకో నంబర్‌కి చేశాను, ఎత్తినావిడ ఫోన్ ఆయనకే ఇచ్చారు. 'అయ్యో, నేనెప్పుడో వచ్చేశానండీ, చెప్పాలా?' అన్నాడు పెద్దమనిషి. చెప్పాలండీ. మీకోసం లోపలికెళ్ళినవాళ్ళు మీకంటే ఎక్కువ అలసిపోయి ఉన్నారు.

ఇదంతా అతి అనుకునేవాళ్ళు 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతంలో జరిగిన వంద కిలోమీటర్ల రేస్ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. 172 మంది బయల్దేరారు. కొండమీద ఉన్నట్టుండి చలిగాలి, వాన, వడగళ్ళు మొదలై 21 మంది చనిపోయారు, వాళ్ళలో ఆ దేశపు పేరున్న రన్నర్లు కూడా ఉన్నారు. జూ కెమింగ్ అనే గొర్రెల కాపరి తను తలదాచుకున్న గుహలోకి తీసుకెళ్ళి మంట వేసి ఆరుగురిని కాపాడాడు. నేను ఆ వార్త చదివిన దగ్గర్నుంచి మబ్బు చూసి అన్నయ్యని విసిగిస్తూనే ఉంటాను. వాతావరణం చెడితే రేస్ ఆపేయడం తేలికే, కానీ ఆపాక ఇంకా లోపల ఎవరెవరున్నారో చెప్పేందుకు ఆ కాగితమే కావాలి.

దారి గుర్తుల గురించి ఒక మాట. రెండు దారులు చీలేచోట ఒక్క రిబ్బన్ కట్టి ఊరుకుంటే సరిపోదు, చీలికకి ముందొకటి, మలుపులో ఒకటి, మలుపు తిరిగాక మళ్ళీ ఒకటి ఉండాలి, వెళ్ళకూడని దారికి అడ్డంగా కొమ్మలు పడేయాలి. ఎర్ర రిబ్బన్ పచ్చటి ఆకుల మధ్య కొందరి కళ్ళకి ఆనదు, నీలం నయం. మేకలు నమిలేస్తాయి, సరదాకి పీకేసేవాళ్ళూ ఉంటారు, అందుకే తెల్లారి మళ్ళీ ఒకరు చూసి రావాలి, అదీ ఆ దారి తెలియనివాళ్ళయితేనే పని జరుగుతుంది. అన్నయ్యకి ఆ దారి నిద్రలో లేపి అడిగినా వచ్చు, అందుకే ఎక్కడైనా రిబ్బన్ లేకపోయినా వాడు గమనించడు. మా వదిన ఎప్పుడూ అటు వెళ్ళలేదు. ఆవిణ్ణి ముందు నడవనిచ్చి, ఎక్కడ ఆగి వెనక్కి చూస్తే అక్కడ ఇంకో రిబ్బన్ కట్టాం.

అందరి కళ్ళూ ముందొచ్చేవాళ్ళ మీదే ఉంటాయి గానీ కనిపెట్టుకుని ఉండాల్సింది ఆఖర్న వచ్చేవాళ్ళని. ఎండలో ఎక్కువసేపు ఉండేది వాళ్ళే. తెగ నీళ్ళు తాగేసేదీ చాలావరకు వాళ్ళే, అదీ ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, తగ్గిపోయి ఉంది, అదీ నాలుగు గంటలు దాటినవాళ్ళలో, నీళ్ళు బాగా తాగి బరువు పెరిగినవాళ్ళలో ఎక్కువ. అందుకే నీళ్ళ దగ్గర నిలబడే పిల్లలకి 'తాగండి తాగండి' అని బలవంతపెట్టొద్దని, మాట తడబడుతుంటే కూర్చోబెట్టి కబురు పెట్టమని చెబుతాం.

అన్నో చెల్లో భర్తో రేస్ పెడుతున్నారని సాయానికి వెళ్ళేవాళ్ళు నాలుగు పనులూ నెత్తిన వేసుకోకుండా ఒక్కటి తీసుకోండి. ముఖ్యంగా లెక్క రాసే మనిషిని మెడల్స్ పంచడానికీ ఫొటోలకీ పిలవొద్దు, ఇంటి మనిషే కదా అని అందరూ పిలుస్తారు. మీరు కూడా, ఎడిటర్ గారూ, రేస్ వార్త వేసేటప్పుడు ఎంతమంది బయల్దేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది మానేశారు అని ఒక్క లైన్ అడిగి వేయండి. పేపర్‌వాళ్ళు అడుగుతారని తెలిస్తే పెట్టేవాళ్ళందరూ రాసిపెట్టుకుంటారు.

ఈసారి బిబ్ మీదే 'మానేస్తే ఈ నంబర్‌కి చెప్పండి' అని పెద్ద అక్షరాల్లో వేయిద్దామన్నాను. అన్నయ్య ఒప్పుకున్నాడు. వేయాల్సిన నంబర్ మాత్రం నాదేనట.

ఇట్లు,
మీ పాఠకురాలు