ఆ ఉత్తరాల దారులు మ్యాప్ మీదికి రావాలి

తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ డైరెక్టర్ గారికి నమస్కారం.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. ఆయనకు దారి చూపినవి లండన్ నుంచి వైద్యుడు పాట్రిక్ మాన్సన్ రాసిన ఉత్తరాలు. అవి అక్కడ భద్రంగానే ఉన్నాయి. రాస్ ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకుని, కుట్టిన దోమకో అణా చొప్పున తీసుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్ మనకు తెలిసింది మాత్రం రాస్ రాతల వల్లే. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

హైదరాబాద్‌కూ లండన్‌కూ మధ్య ఇలాంటి వైద్య సంబంధం మరొకటి ఉంది: మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో పరీక్షించడానికి 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో రెండో క్లోరోఫాం కమిషన్ జరిగింది, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు.

దయచేసి నిజాం కాలపు వైద్య శాఖ ఫైళ్లలో, ఉర్దూవి సహా, ఎవరు ఎవరికి ఎక్కడి నుంచి ఎప్పుడు రాశారో నమోదు చేయించి, మ్యాప్‌గా ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా పెట్టండి. స్కానింగ్ ఆలస్యమైనా, ముందు ఆ జాబితా ఇవ్వండి.