మా చెల్లెను బాసర దాకా చేర్చినవాళ్లకు

అందరికీ నమస్తే. మొన్న మా చెల్లెను బాసర ట్రిపుల్ ఐటీలో దింపి వచ్చాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామంటే నాకు మాట సరిగా రావడం లేదు. అందుకే రాస్తున్నాను.

మాది కోస్గి దగ్గర ఊరు. అమ్మా నాయన పూణేలో సెంట్రింగ్ పని చేస్తారు. ఎనిమిదేళ్లప్పుడు నన్నూ వెంట తీసుకుపోయారు. రెండేళ్లు బడి లేదు, సైటులో సామానుకు కాపలా. తిరిగొచ్చి ఆరో తరగతిలో కూర్చుంటే ఎక్కాలు కూడా రావు. పది ఫెయిలయ్యాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఫోన్లు రిపేరు చేస్తాను. చెల్లెకు ఆ వయసొచ్చేసరికి నాయనమ్మకు పింఛను మొదలైంది. "పిల్లను నా కాడ ఇడిసిపోండ్రి" అంది. మా ఇద్దరికీ అంతే తేడా. చుట్టాలు మాత్రం ఆమె తెలివైనదనీ నేను మొద్దుననీ అంటారు, అననీయండి.

మొదటి దండం లెక్కల సారుకు. సర్కారు బడి పిల్లలకు బాసర సీట్ల కోసం పదో తరగతి మార్కులకు కొంత అదనంగా కలుపుతారని ఆయన చెబితేనే మాకు తెలిసింది. మా ఇంటి వెనకబాటుకు కూడా ఎవరో లెక్కగట్టి మార్కులు పెట్టారన్నమాట! ఎక్కువో తక్కువో నాకు తెలియదు గానీ, అది కలవకపోతే చెల్లె పేరు లిస్టులో లేదు. టీ తాగుతూ సారు ఇంకో సంగతి చెప్పారు. 1966లో అమెరికాలో కోల్‌మన్ అనే ఆయన బృందం దాదాపు 4,000 బడుల్లో ఆరు లక్షలకు పైగా పిల్లలను పరిశీలించిందట. బడిలో ఉన్న వసతుల కంటే పిల్లలు పుట్టిన ఇంటి పరిస్థితే చదువు మీద ఎక్కువ ప్రభావం చూపుతోందని తేలిందట. అంతమందిని అడగడం ఎందుకు, మా వాడకట్టుకొచ్చి రెండు రోజులు కూర్చుంటే సరిపోయేది కదా అన్నాను. సారు నవ్వారు.

సీటు వచ్చిన రాత్రి సంబరం, తెల్లారితే టెన్షన్. కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ... ఏది ఎక్కడ తీసుకోవాలో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. జిరాక్స్ షాపు అక్క నోటిఫికేషన్ అంతా చదివి, క్యాలెండర్ కాగితం వెనక వరుసగా రాసిచ్చింది. పోయినేడు తన కొడుకు కోసం తిరిగింది కాబట్టి ఆమెకు తెలుసు. సార్ల పిల్లలకు ఇవన్నీ అన్నం తినేటప్పుడే చెవిన పడతాయి. మాకు అక్క దొరికింది. జిరాక్సులకు పైసలు కూడా తీసుకోలేదు.

అంతలో ఇంకో తిప్పలు. నాయన పేరు చివర ఆధార్‌లో 'అప్ప' ఉంది, చెల్లె పది మెమోలో 'అయ్య' పడింది. ఒక ఆఫీసులో మూడు రోజులు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు. చివరికి ఊళ్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు బండి మీద నన్ను నోటరీ దగ్గరికి తీసుకుపోయి, ఇద్దరూ ఒక్కరే అని అఫిడవిట్ రాయించారు. డెబ్బై దాటిన మనిషి, ఆ ఎండలో. పెద్దయ్యా, మీ కాళ్లకు మొక్కుతా.

అమ్మా నాయనను పూణే పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీకి కూడా థ్యాంక్స్. ఆయన మీద మాకు వేరే కోపాలున్నాయి, అవి అట్లనే ఉన్నాయి. కానీ అడ్వాన్సు మాట ఎత్తకుండా నాయనను అయిదు రోజులు పంపాడు.

నా పదో తరగతి దోస్తులు 14,500 జమచేశారు. కట్టాల్సిన ఫీజులు, డిపాజిట్టు, పెట్టె, బకెట్, దుప్పటి, చార్జీలు పోను 2,300 మిగిలాయి. లెక్క రాసిన కాగితం గ్రూపులో పెట్టాను. దసరాకు చెల్లె రావడానికి ఉంచుకోమంటే ఉంచుతా, వద్దంటే తిరిగి పంపుతా.

బాసరలో లోపలికి పోయే ముందు ఒక ఫారం మీద తండ్రి సంతకం కావాలన్నారు. నాయన పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగాడు. రాయడం మరిచిపోయాడేమో అనుకున్నా.

"అప్ప అని పెట్టాల్నా, అయ్య అని పెట్టాల్నా?" అన్నాడు.