హైదరాబాద్ గెలిచిన కప్పు హైదరాబాద్ పేరు మీదే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆటల పేజీలో మన దేశంలో అత్యంత విజయవంతమైన ఫుట్‌బాల్ ఫ్రాంచైజీ ఏదంటూ పట్టిక వేశారు. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైన 2014 నుంచి 2025 వరకు 11 సీజన్లు, అందులో మోహన్ బగాన్‌కు 5 కప్పులు, ముంబై, చెన్నైలకు రెండేసి, బెంగళూరు, హైదరాబాద్‌లకు ఒక్కోటి. అంతటితో తేల్చేశారు. ఆ పేజీ పట్టుకుని ఇక్కడ అనంతపురంలో గ్రౌండ్ దగ్గర పిల్లలతో గంటసేపు వాదించాను, అక్కడ ఒడవలేదు కాబట్టి మీకు రాస్తున్నా.

ముందు ఆ ఐదు సంగతి. అందులో మూడు కప్పులు, అంటే 2014, 2016, 2019–20లో వచ్చినవి, గెలిచింది ఏటీకే అనే వేరే కోల్‌కతా జట్టు. అప్పటికి బగాన్ అసలు ఐఎస్ఎల్‌లోనే లేదు, ఐ-లీగ్ అనే వేరే జాతీయ లీగ్ ఆడుతోంది, పైగా అదే 2019–20లో ఐ-లీగ్ టైటిల్ బగాన్‌ది. ఒకే ఏడాది వేర్వేరు లీగులు గెలిచిన రెండు జట్లను 2020లో కలిపారు సరే, పాత కప్పులు కూడా కలిసిపోతాయా? బగాన్ అభిమానులే ఏటీకే పేరు మాకొద్దని పట్టుబట్టి 2023లో తీయించుకున్నారు. పేరే వద్దన్నవాళ్లకు ఆ పేరు మీద వచ్చిన కప్పులు మీరెందుకు ఇస్తున్నారు?

నా లెక్కలో కూడా మొదటి స్థానం బగాన్‌దే. కానీ ఆ లెక్క వేరు. 1889లో పుట్టిన క్లబ్ అది. 1911లో ఒక్కరు తప్ప మిగతా అందరూ వట్టికాళ్లతో ఆడి, బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే పాత టోర్నీ కప్పు ఎత్తారు. నేషనల్ లీగ్ మూడుసార్లు, ఐ-లీగ్ రెండుసార్లు, డ్యూరాండ్ కప్ 17 సార్లు గెలిచారు. ఇవేవీ మీ పట్టికలో కనబడవు, ఎందుకంటే మీరు 2014కు ముందు ఫుట్‌బాలే లేనట్టు లెక్క మొదలుపెట్టారు.

బెంగళూరుకైతే ఇంకా అన్యాయం జరిగింది. మా ఊరి కుర్రాళ్లలో చాలామంది ఆ జట్టు అభిమానులే, బస్సెక్కితే నాలుగైదు గంటల్లో కంఠీరవ స్టేడియంలో ఉంటాం కదా. 2013లో పెట్టిన జట్టు మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది, 2015–16లో మళ్లీ గెలిచింది, 2016లో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు వెళ్లింది, అంత దూరం వెళ్లిన మొదటి భారతీయ క్లబ్ అదే. ఐఎస్ఎల్‌లోకి వచ్చిందే 2017లో. మీ పట్టికలో దానికి మిగిలింది ఒక్క కప్పు!

అసలు నాకు బాధ కలిగింది హైదరాబాద్ దగ్గర. రాష్ట్రాలు వేరైనా తెలుగు నేల మీద మనకు ఉండిన ఐఎస్ఎల్ జట్టు అదొక్కటే. 2022 మార్చి 20న గోవాలో కేరళ మీద ఫైనల్, 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనక ఉన్నాం, సాహిల్ తవోరా కొట్టిన ఆ షాట్‌తో సమం అయింది, ఆ తర్వాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా వీధిలో టపాసులు కాల్చాం. మూడున్నరేళ్లకే 2025లో ఫ్రాంచైజీని ఢిల్లీకి తీసుకెళ్లిపోయారు, పేరు కూడా మారిపోయింది. మీ పట్టికలో హైదరాబాద్ పేరు పక్కన బ్రాకెట్లో ‘ప్రస్తుతం ఢిల్లీ’ అని రాశారే, అది చూసి మనసు చివుక్కుమంది. ఆ కప్పు ఢిల్లీవాళ్లు గెలవలేదు.

ఫ్రాంచైజీ అన్నాక అమ్ముకుంటారు, తరలిస్తారు అని మా పిల్లలే అంటున్నారు. ఫ్రాంచైజీలకు పుట్టిల్లయిన అమెరికాలో ఏం చేశారో చూడండి. వాళ్ల ఫుట్‌బాల్ వేరే ఆటే అనుకోండి, లెక్కలు మాత్రం మనకు పనికొస్తాయి. 1996లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని జట్టును బాల్టిమోర్‌కు తరలించాడు. అప్పుడు కుదిరిన ఒప్పందంలో పేరు, రంగులు, పాత రికార్డులన్నీ క్లీవ్‌లాండ్‌కే ఉంచారు, 1999లో ఆ ఊరికి మళ్లీ జట్టు వచ్చింది. ఇంకో మాట, అక్కడి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లు మాత్రమే లెక్కపెడితే అక్కడ పిట్స్‌బర్గ్, న్యూ ఇంగ్లాండ్ ఆరేసితో ముందున్నాయి. సూపర్ బౌల్ మొదలైంది 1967 జనవరిలో, అంతకుముందు టైటిళ్లు కూడా కలిపితే 13తో అందరికంటే పైన ఉన్నది గ్రీన్ బే ప్యాకర్స్. ఆ ఊరి జనాభా లక్ష పైచిలుకు, మా అనంతపురంలో సగం కూడా ఉండదు. ఆ జట్టుకు ఒక యజమాని లేడు, 5 లక్షల మందికి పైగా వాటాదారులున్నారు, అందుకే దాన్ని ఎవరూ మూటగట్టుకుని పోలేకపోయారు.

పట్టిక మళ్లీ వేసేటప్పుడు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కూడా ఒక వరస కేటాయించండి. ఆ జట్టు కోచ్ రహీం సాబే 1962లో జకార్తాలో మన దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టాడు. దాని కిందే 2021–22 కప్పు రాసి పక్కన ‘హైదరాబాద్’ అని మాత్రమే పెట్టండి, బ్రాకెట్ తీసేయండి.

– ఒక పాఠకుడు, అనంతపురం