గణితం డిగ్రీ: సీటు ధర, నెల వాయిదా, వచ్చే జీతం

సంపాదకుడు గారికి,

ఇంటర్ ఎంపీసీ పూర్తయి బీటెక్ వద్దనుకున్న పిల్లలకు గణితంలో ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి విజయవాడ, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ. రెండోది శ్రీసిటీ, హర్యానాలోని సోనీపత్ లాంటి చోట్ల ప్రైవేటు యూనివర్సిటీలు నడిపే లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ. అక్కడ గణితంతో పాటు ఎకనామిక్స్, ఫిలాసఫీ, వ్యాసరచన కూడా నేర్పుతారు. చదువుగా అది మంచిదే. దాని ధరను మాత్రం చాలా ఇళ్లలో సరిగా లెక్క కట్టుకోవడం లేదు.

ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి ఏడున్నర లక్షలు అనుకుందాం. నాలుగేళ్లకు 30 లక్షలు. బ్యాంకు ఆ సొమ్మును 10 శాతం వడ్డీకి ఏటేటా విడుదల చేస్తే, చదువయ్యాక ఇచ్చే ఏడాది గడువు ముగిసేసరికి బారువడ్డీ లెక్కనే ఇంకో పదిన్నర లక్షలు చేరతాయి. ఆ నలభై లక్షల యాభై వేలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.53,500 కట్టాలి. పదిహేనేళ్లకు సాగదీసినా రూ.43,500 తప్పదు. ఏడున్నర లక్షలు దాటిన రుణానికి బ్యాంకులు సాధారణంగా ఇల్లో పొలమో తాకట్టు అడుగుతాయి. 2024లో వచ్చిన కేంద్ర విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మిలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది గానీ, అది కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి, 10 లక్షల రుణం వరకు, జాబితాలో ఉన్న సంస్థలకే.

ఇప్పుడు జీతాలు చూడండి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) సాధించి పరిశోధనకు వెళ్తే 2023 నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000, పైన ఇంటి అద్దె భత్యం. బీఈడీ చేసి డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ అయితే 2022 పీఆర్సీ ప్రకారం మూలవేతనం రూ.44,570తో మొదలు. అంటే బాగా చదివి గణితంలోనే కొనసాగాలనుకున్న పిల్లలే ఈ అప్పు మోయలేరు. పై చదువులకు వెళ్తే వాయిదాలు వాయిదా వేయించుకోవచ్చు, వడ్డీ మాత్రం ఆగదు. నాకు బాధ కలిగించేది ఇదే. గణితం కోసం చేసిన అప్పు వాళ్లను గణితం నుంచే తరిమేస్తుంది.

ప్రైవేటు యూనివర్సిటీ ఫీజు రాయితీ ఇస్తామంటే నాలుగేళ్లకూ రాతపూర్వకంగా అడగండి. ఏటా ఎంత సీజీపీఏ (గ్రేడుల సగటు) నిలబెట్టుకోవాలి, హాస్టలుకు కూడా రాయితీ వర్తిస్తుందా అన్నవి సంతకానికి ముందే తేలాలి.

మన ఊళ్ల బీఎస్సీకి అంత ఖర్చు లేదు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు వేలల్లోనే. కానీ అక్కడ వేరే నష్టం ఉంది. గైడు పట్టుకుని ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పడితే డిగ్రీ వస్తుంది, జామ్ పరీక్షలో ర్యాంకు రాదు. ఐఐటీల ఎమ్మెస్సీకి పెట్టే ఆ పరీక్షలో మూడు గంటల్లో 60 ప్రశ్నలు. సిద్ధాంతం నిరూపణ అప్పజెప్పమనరు, దాన్ని వాడమంటారు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూప్ థియరీ మొదటి ఏడాది నుంచే పాత జామ్ పేపర్లతో చదివితే తప్ప చివరి సెమిస్టర్‌లో అందుకోవడం కష్టం. ఉద్యోగం కావాలనుకునేవారు రెండో సబ్జెక్టుగా స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్స్ గానీ ఎంచుకోవాలి. 2023లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చాక పాత మూడు సబ్జెక్టుల గ్రూపు పోయింది కాబట్టి ఈ ఎంపిక బరువు పెరిగింది. ప్రాబబిలిటీ రాకుండా, పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు ముట్టుకోకుండా బయటికొచ్చిన గణిత పట్టభద్రుణ్ణి డేటా, బీమా కంపెనీలు ఇంటర్వ్యూకి పిలవడం అరుదు.

మూడేళ్లకే ఆపాలా, నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా అన్నదీ ఖర్చు లెక్కే. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. టీచరు కావాలనుకునేవారు మూడేళ్ల తర్వాత రెండేళ్ల బీఈడీకి వెళ్లడమే చౌక. విజయవాడ, గుంటూరుల్లో ఇంకో దారీ ఉంది. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు జేఈఈ స్థాయి లెక్కలు బోర్డు మీద తడబడకుండా చేసేవారిని ఎప్పుడూ వెతుక్కుంటూనే ఉంటాయి. అక్కడ ఎమ్మెస్సీ పట్టా కన్నా డెమో క్లాసుకే విలువ ఎక్కువ. ప్రైవేటు కాలేజీలో పీజీ చేసేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటును 2020లో జీవో 77 తొలగించింది, కాబట్టి పీజీ ఖర్చును మొదటి రోజునుంచే లెక్కలో ఉంచుకోవాలి.

ఇంత లెక్క తల్లిదండ్రులు వేసుకోవాలంటే కాలేజీలు నిజమైన అంకెలు ఇవ్వాలి. పదిమందిలో ఒకరికి 30 లక్షల ప్యాకేజీ, తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున వస్తే సగటు 6 లక్షల 60 వేలు అవుతుంది. ప్రకటనలో 30 లక్షలు వేస్తారు, మరీ మంచివారైతే సగటు వేస్తారు. మధ్యగతం, అంటే జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది, 4 లక్షలని ఎవరూ వేయరు. 90 శాతం ప్లేస్‌మెంట్ అన్నది కూడా చాలాసార్లు పేరు నమోదు చేసుకున్నవారిలో లెక్కే, చేరినవారందరిలో కాదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్‌లో ప్రతి కాలేజీ కోడ్ పక్కన కోర్సువారీగా నాలుగు అంకెలు తప్పనిసరి చేయాలి: ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, ఉద్యోగం వచ్చినవారి జీతాల మధ్యగతం ఎంత. ప్రైవేటు యూనివర్సిటీలకూ ఇదే వర్తించాలి. వెబ్ ఆప్షన్లు తెరిచేలోపే ఇవి కనిపించాలి. సీటు వచ్చాక ఎంత తెలిసినా కట్టిన ఫీజు వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు