మంత్రి గారూ, మా అర్జీ ఇంకా పరిష్కారం కాలేదు

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం, గాజువాక నుంచి ఒక తండ్రి నమస్కారాలు. మా పాపకి ఒక లివర్ పరీక్ష చేయించమని ఇది నాలుగోసారి రాయడం. ముందు మూడూ సోమవారం అర్జీల క్యూలో నిలబడి ఇచ్చాను, మూడింటికీ ఫోన్‌లో ఒకటే మెసేజ్, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారండీ అని వెళ్లి అడిగితే, "లివర్ స్కానింగ్ మన దగ్గర ఉందిగా" అన్నారు.

ఉంది సార్, కాదనను. అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై అన్నీ ఉన్నాయి. మేం అడిగింది లివర్ బొమ్మ కాదు, లివర్‌లోంచి బయల్దేరే శోషరస నాళాల బొమ్మ, అంటే లింఫ్ అనే నీరులాంటి ద్రవాన్ని మోసే సన్నటి గొట్టాలది. మామూలు స్కానింగ్‌లో అవి కనపడవు. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సన్నటి సూదిని లివర్‌లో పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చేది) కొమ్మ పక్కకి పంపి, ఎక్స్‌రేలో కనపడే కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తేనే, లింఫ్ ఎటు పోతోందో తెలుస్తుంది. నేను వెల్డర్‌ని, ఇదంతా పాప జబ్బు నేర్పిన చదువు.

పాపకి తొమ్మిదేళ్లు. గుండెలో పంపు చేసే గది ఒక్కటే ఉందని నాలుగో ఏట ఫాంటాన్ ఆపరేషన్ చేశారు, సిరల రక్తం గుండె పంపు లేకుండా నేరుగా ఊపిరితిత్తులకి పోయేలా. అది మీ ఉచిత వైద్యం కార్డు మీదే అయింది, ఆ మేలు మర్చిపోను. కానీ ఆ ఆపరేషన్ తర్వాత సిరల్లో ఒత్తిడి పెరిగి లివర్‌లో లింఫ్ ఎక్కువ తయారవుతుంది, కొందరు పిల్లల్లో అది పేగులోకి కారిపోతుంది, ఒంట్లో ప్రొటీన్ కూడా దాంతోనే పోతుంది, అందుకే ఒళ్లు నీరు పట్టి వాస్తుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టర్లు ఆ లీకుని బొమ్మ తీసి చూపించి, జిగురుతో మూశామని 2017లోనే రాశారు. మా డాక్టరు గారు ఆ పరీక్షే రాస్తే, కార్డు ప్యాకేజీలో లేదన్నారు మీవాళ్లు.

పొద్దున్నే పాప కళ్లు ఉబ్బి ఉంటాయి. స్కూలుకి సాక్సులు వేస్తే సాయంత్రానికి ఎలాస్టిక్ గీత కాల్లోకి దిగిపోయి ఉంటుంది, బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట పది లెక్కపెట్టినా పూడదు. పోయిన ప్రొటీన్ బదులు అల్బుమిన్ సీసా ఎక్కిస్తారు, వారం తేలిగ్గా ఉంటుంది, మళ్లీ మొదలు. చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నాం సార్. చిల్లెక్కడో చూడమంటే, కుండ బాగానే ఉంది కదా అంటారు మీవాళ్లు!

ఆ పరీక్షని ప్యాకేజీలో చేర్చండి. ఇక్కడ కుదరకపోతే ఎక్కడ చేస్తారో అక్కడికి మీరే పంపండి, రైలు చార్జీలు నేను పెట్టుకుంటాను. అదీ కాదంటే ముందు ఆ 'పరిష్కరించబడినది' అన్నదన్నా తీసేయించండి, దండం పెడతాను.

వచ్చే సోమవారం పాపని కూడా తీసుకొస్తున్నాను. సాక్సు తీసి చూపిస్తాను, మీవాళ్లని ఒక్కసారి వేలితో నొక్కి చూడమనండి.

ఇట్లు,
గాజువాక వెల్డర్